మైదాకు నల్లగా పండదు

తెల్లవెంట్రుకలకు రంగు వేసుకోవచ్చా అని ముందుగా వచ్చి డాక్టరును అడిగేవారు తక్కువ. వేసుకున్న రెండో రోజో మూడో రోజో, కళ్ళు తెరవలేనంతగా రెప్పలు వాచాక వచ్చేవారే ఎక్కువ. మా మాక్లూరులో పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఇలాంటివారు ఓ.పి.లో తప్పకుండా కనబడతారు. నుదుటి అంచు వెంబడి, చెవుల వెనుక, మెడమీద ఎర్రని పొక్కులు. వాటినుంచి నీరు కారుతూంటుంది. "తలకు ఏం రంగు వేశావమ్మా?" అంటే, "రంగేం ఏయలే సారూ, మైదాకే పెట్టిన" అంటారు. వాళ్ళు అబద్ధమాడడం లేదు. మైదాకు అనుకునే కొన్నారు. ప్యాకెట్టు మీద పచ్చని ఆకు బొమ్మ ఉంది. పేరులో 'మెహందీ' ఉంది. దాని పక్కనే 'బ్లాక్' అని ఉన్న మాటను మాత్రం పట్టించుకోలేదు.

కోస్తావారు గోరింటాకు అనేదాన్నే మా నిజామాబాదు వైపు మైదాకు అంటాం. ఆషాఢం వస్తే ఆకు దూసి, రుబ్బి, చేతులకు పెట్టుకోని ఆడవాళ్ళు ఉండరు. రంజానుకు ముందురోజు రాత్రి ముస్లిముల ఇళ్ళల్లోనూ అదే సందడి. మీలో ఎవరి చేతులైనా ఎప్పుడైనా నల్లగా పండాయా? ఎర్రగా పండుతాయి, బాగా పండితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. అంతే. మీ అరచేతికి తెలిసిన ఈ సంగతి తలకు కూడా వర్తిస్తుంది.

కారణం ఏమిటంటే, ఈ ఆకులో ఉన్న రంగు పదార్థం ఒక్కటే. దాన్ని లాసోన్ అంటారు. ఎండిన ఆకులో అది నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుకు మించి ఉండడం అరుదు. మన చర్మంలో, గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తును అది గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గోరుకు అంటిన రంగు గోరు పెరిగేదాకా పోదు. దాని రంగు నారింజకూ ఎరుపుకూ మధ్యది. తెల్లవెంట్రుకకు పెడితే రాగి రంగు వస్తుంది. నల్లవెంట్రుకకు పెడితే ఎండలో కొద్దిగా ఎర్రజీర కనబడుతుంది. ఉత్త మైదాకుతో గంటలో తల నల్లబడడం జరగని పని. నల్లబడిందంటే అందులో ఇంకేదో కలిసిందని అర్థం.

ఆ 'ఇంకేదో' చాలావరకు పారాఫినిలీన్ డైఅమీన్. పొడి అక్షరాల్లో పి.పి.డి. అంటారు. డబ్బాల్లో అమ్మే నల్లరంగులు ఎక్కువభాగం దీనిమీదే ఆధారపడినవి. యూరప్ దేశాల్లో తలరంగు కలిపిన తర్వాత ఇది నూటికి 2 పాళ్ళకు మించరాదని నిబంధన ఉంది. చర్మానికి పూసే వస్తువుల్లో దీన్ని అసలే వాడరాదు. అందరికీ ఇది పడదని నేను అనను. ఇరవై ఏళ్ళుగా వేసుకుంటూ ఏమీ కానివారు ఎందరో ఉన్నారు. చిక్కెక్కడంటే, ఒంటికి ఒకసారి దీనిమీద పగ పుట్టిందా, ఆ పగ జన్మలో పోదు. తర్వాత ఎప్పుడు తగిలినా, ఎంత కొంచెం తగిలినా, మునుపటికన్నా ఎక్కువగా తిరగబడుతుంది. "పోయినసారి ఏం కాలేదు కదా సారూ" అనే మాటకు అందుకే విలువ లేదు. పోయినసారి పుట్టిన పగే ఈసారి బయటపడి ఉండవచ్చు.

ఈ పగ మన పిల్లల్లో ఎక్కడ మొదలవుతుందో చెబుతాను, తల్లులు కాస్త గమనించండి. జాతరల్లో, పెళ్ళిళ్ళలో అరగంటలో నల్లగా ఎక్కే కోన్లు పెడతారు. పిల్ల చేతిమీద నల్లని తీగలు చూడముచ్చటగా ఉంటాయి. ఆ నలుపు కూడా తరచుగా పి.పి.డి.దే. కొందరికి వారం పది రోజుల్లో ఆ తీగలు ఎలా ఉన్నాయో అలాగే బొబ్బలెక్కుతాయి. మిగతావారికి అప్పటికి ఏమీ కాదు. కానీ ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక మొదటిసారి తలకు రంగు వేసిన రోజున మొహమంతా వాచి ఆసుపత్రికి వస్తారు. అంతటితో అయిపోదు. పి.పి.డి. పడనివారిలో కొందరికి కొన్ని మత్తు మలాములు, కొన్ని సల్ఫా మందులు, ముదురు రంగు బట్టల్లోని కొన్ని అద్దకాలు కూడా పడవు.

మరి కొన్న పొడి అసలుదో కాదో తెలుసుకునేదెలా? చర్మంమీద పూసి చూడకండి. దువ్వెనకు వచ్చిన తెల్లవెంట్రుకలు ఓ పది పోగుచేసి దారంతో కట్టండి. కొత్త ప్యాకెట్టులోని పొడిని చెంచాడు తీసుకుని, పుల్లతో నీళ్ళలో కలిపి, ఆ వెంట్రుకలను అందులో ముంచి రెండు మూడు గంటలు ఉంచి కడగండి. నారింజ రంగో రాగి రంగో వస్తే అది మైదాకు. నలుపో ముదురు గోధుమో వస్తే ఆ ప్యాకెట్టు మీ తలమీదికి రాకూడదు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ప్యాకెట్టు వెనుక చిన్న అక్షరాలు కూడా చదవండి, కళ్ళజోడు పెట్టుకునైనా సరే. ఈ రకం రంగులున్న ప్యాకెట్టుమీద ముందుగా పరీక్షించుకోవాలనీ, కనుబొమ్మలకూ రెప్పలకూ వాడరాదనీ, వాడితే చూపు పోవచ్చనీ ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ హెచ్చరిక ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. అసలే వివరాలు లేని విడి పొడి అంగడిలో చవకగా దొరికినా కొనవద్దు.

ఇక అసలు మైదాకు ఇంట్లో పెట్టుకునే పద్ధతి. పెరట్లో చెట్టుంటే అంతకన్నా అదృష్టం లేదు. ఆకును నీడన ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించండి. ముతక పొడి వెంట్రుకల్లో చిక్కుకుని ఎంత కడిగినా పోదు. భుజాలదాకా ఉన్న జుట్టుకు 100 గ్రాములు, అంతకన్నా పొడుగైతే 200 గ్రాములు సరిపోతుంది. చాయపత్తి కాచి వడగట్టిన నీరు గోరువెచ్చగా ఉండగా పోసి, ఒక నిమ్మకాయ పిండి, దోసెల పిండికన్నా కాస్త గట్టిగా కలపండి. మరిగే నీళ్ళు పోయకూడదు. చలికాలం రాత్రంతా నాననివ్వాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో మూడు నాలుగు గంటలు చాలు. పులుపు తగిలి నానితేనే ఆకులోని రంగు విడివడుతుంది.

ఇనుప మూకుడులోనే నానబెట్టాలని పెద్దలంటారు. అందులో కొంత నిజముంది. చాయలోని ఒగరుకు ఇనుము తగిలితే ముద్ద నల్లబడుతుంది, రంగు కాస్త ముదురుగా వస్తుంది. కానీ తప్పనిసరి కాదు. తుప్పుపట్టిన మూకుడు మాత్రం వద్దు. గుడ్డు, పెరుగు, కాఫీపొడి, లవంగాలు అని ఒక్కొక్కరు ఒక్కో చిట్కా చెబుతారు. వాటివల్ల హాని లేదు గాని, రంగుకు అవి చేసే మేలూ పెద్దగా లేదు. గుడ్డు వాసన కడిగేది మీరే కాబట్టి మీ ఇష్టం!

పెట్టుకునే ముందు తలకు పోసుకుని ఆరబెట్టండి. నూనె జిడ్డుంటే రంగు పట్టదు. నుదుటి అంచుకు, చెవులకు మాత్రం కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే మొహానికి మరకలు కావు. పాయలు పాయలుగా తీసి కుదుళ్ళనుంచి చివరిదాకా పట్టించండి. రెండు మూడు గంటలు చాలు. ఆరి పెంకు కట్టకుండా పైన ఏదైనా కవరు చుట్టండి. తర్వాత ఆరోజుకు ఉత్త నీళ్ళతోనే కడగండి. షాంపూ, కుంకుడుకాయ రెండోరోజుకు ఉంచండి. కడిగినప్పుడు మరీ నారింజ రంగుగా ఉందని కంగారుపడకండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది గనక, నెలకోసారి కుదుళ్ళకు పెడితే సరిపోతుంది.

జలుబు, పీనస ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు తడి ముద్ద తలమీద పెట్టుకుని రాత్రంతా పడుకోకండి. మధ్యాహ్నం ఎండవేళ పెట్టుకుని సాయంత్రం లోపల కడిగేసుకోండి. పొడి కలిపేటప్పుడు ఆ దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

"ఎర్రజుట్టు మాకొద్దు, నలుపే కావాలి" అనేవారికి ఆకులతోనే ఇంకో దారి ఉంది. మైదాకు కడిగిన తర్వాత నీలిచెట్టు ఆకు పొడిని ఉత్త నీళ్ళతో కలిపి, పది పదిహేను నిమిషాల్లో తలకు పట్టించి, గంటా గంటన్నర ఉంచాలి. ఎరుపుమీద నీలం పడి నలుపుకు దగ్గరవుతుంది. ఒక పూట పడుతుంది, ఓపిక కావాలి. ఈ నీలి ఆకు పొడిని కూడా తెల్లవెంట్రుకలమీద విడిగా పరీక్షించండి. నీలం ఛాయ రావాలి గాని నలుపు రాకూడదు. బట్టలకు వేసే నీలిమందు ఇది కాదు సుమా! అది తలకు తగలనివ్వకండి.

అయినా డబ్బా రంగే కావాలంటారా? దుబాయి పోవడానికి ఇంటర్వ్యూ ఉన్నవాడితో, పెళ్ళిలో నలుగురిలో నిలబడాల్సిన తండ్రితో నేను వాదించను. అయితే మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత రంగును ప్యాకెట్టులో చెప్పినట్టు పూసి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు ఏది కనబడినా ఆ రంగు మీకు కాదు. మునుపు నల్లకోనుతో గాని, తలరంగుతో గాని ఇబ్బందిపడ్డవారు ఈ పరీక్ష కూడా చేసుకోవద్దు. పెళ్ళికి ముందురోజు రాత్రి కొత్త రంగు వేయకండి. వాపు సరిగ్గా పెళ్ళిరోజుకు దిగుతుంది.

కనుబొమ్మలకు మాత్రం ఎవరూ, ఎప్పుడూ వేయవద్దు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడి చూపు పోగొట్టుకున్నవారున్నారు. అందులోనూ ఇదే జాతి రసాయనం ఉండేది. 1938లో అక్కడ మందులు, సౌందర్య సాధనాల చట్టం కఠినంగా రావడానికి ఆ ఉదంతం కూడా ఒక కారణం.

తలకు పెట్టాక మంట, దురద మొదలైతే వెంటనే బోలెడు నీళ్ళతో కడిగేసి ఆసుపత్రికి రండి. ప్యాకెట్టు పారేయకుండా వెంట తీసుకురండి. పసుపూ వేపాకూ నూరి పూయడం, ఎవరో ఇచ్చిన మలాము రాయడం వద్దు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోను చేయండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. ఈ నల్లరంగు కడుపులోకి పోతే గొంతు, మెడ కొద్ది గంటల్లో వాచి ఊపిరి ఆగిపోవచ్చు. కండరాలు చెడి, మూత్రం నల్లబడి, మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. సూడాన్‌లో మైదాకు త్వరగా నల్లబడాలని ఈ రసాయనం కలుపుకునే అలవాటుంది. అక్కడ ఇలాంటి కేసుల గురించి 1983లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. మన తెలుగు జిల్లాల ఆసుపత్రులనుంచీ అనేక నివేదికలు వచ్చాయి. పిల్లలు పొరపాటున తాగినా, ఇంట్లో ఎవరైనా మనసు విరిగి తాగినా, "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోకండి. గొంతులో గొట్టం వేయగల, డయాలిసిస్ ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే చేర్చండి. రంగు డబ్బాలను పురుగుమందుల మాదిరే తాళంలో పెట్టండి. మనసు బాగాలేక సతమతమయ్యేవారు ఏ వేళలోనైనా 14416కు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

పసిపిల్లల సంగతి. ఉత్త మైదాకు అయినా ఏడాది లోపు పిల్లలకు చేతులకు గాని, కాళ్ళకు గాని పెట్టకండి. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో లాసోన్ రక్తకణాలను పగలగొడుతుంది. బిడ్డ పాలిపోయి, కళ్ళు పచ్చబడి, మూత్రం చాయ డికాక్షన్‌లా వస్తుంది. ఈ లోపం ఉందని తెలిసిన పిల్లలకు, ఏ వయసువారైనా సరే, పెట్టకపోవడమే మేలు.

ఇరవైలోనే తల నెరుస్తున్నవారు రంగు వెదికేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కువమందికి అది తల్లిదండ్రుల నుంచి వచ్చిందే అయినా, కొందరిలో బి-12 విటమిను లోపం, థైరాయిడు జబ్బు బయటపడతాయి. బీడీ, సిగరెట్టు తాగేవారిలో జుట్టు త్వరగా నెరవడం ఎక్కువని కూడా గమనించారు.

మగవారు మీసాల గురించి మొహమాటంగా అడుగుతూంటారు. అసలు మైదాకు అయితే అరగంట పెట్టుకోండి, నోట్లోకి పోకుండా చూసుకోండి. మీసం ఎర్రగా కనబడుతుంది. మా ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు అలాగే తిరుగుతూంటారు, వాళ్ళనెవరూ నవ్వడం నేను చూడలేదు.