కాసుల్లేక పుట్టిన అంతరిక్షం

టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియళ్లన్నింటిలో గొప్పది ఏది? అమెరికాలో, ఇంగ్లండులో అభిమానులు అరవై ఏళ్లుగా తెగని ఈ తగువు ఆడుకుంటూనే ఉన్నారు. ‘స్టార్ ట్రెక్’ అంటారు ఒకరు. ‘డాక్టర్ హూ’ ముందు అదెంత అంటారు ఇంకొకరు. ‘ట్విలైట్ జోన్’ చూసి అప్పుడు మాట్లాడండని పెద్దవాళ్లు, ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ చూడకుండా మాట్లాడొద్దని తర్వాతి తరం. ఎవరి ఓటు వాళ్లది. కానీ పోటీలో ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. జనం నోరెళ్లబెట్టి చూసిన వింతల్లో చాలావరకు చేతిలో డబ్బు లేకనో, నటుడికి ఒంట్లో బాగోలేకనో, డబ్బిచ్చేవాడు ససేమిరా అన్నందుకో పుట్టినవే!

స్టార్ ట్రెక్‌లో మనుషులు నిలబడ్డచోటే మిలమిలా మెరిసి మాయమై, మరుక్షణం కింద గ్రహం మీద తేలతారు. ఎనభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్ ముందు చేరినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వారం వారం అంతరిక్ష ఓడను ఒక కొత్త గ్రహం మీద దింపి చూపించాలంటే నమూనాలకూ ట్రిక్ ఫొటోగ్రఫీకీ అయ్యే ఖర్చు ఆ సీరియల్ మోయలేదు. దాంతో సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఓడ దిగే పనే ఎత్తేశాడు. మనుషుల్ని మాత్రం దింపాడు. అంతకుముందు లాస్ ఏంజిలిస్‌లో పోలీసు ఉద్యోగం చేసిన మనిషి కదా, ఉన్నదాంతో పని కానివ్వడం తెలుసు.

1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రసారమైన మొదటి ఎపిసోడ్‌లో ఉప్పు కోసం అల్లాడే జీవి ఒకటుంది. భవిష్యత్తులో ఉప్పు డబ్బీలు ఇలా ఉంటాయి అనిపించాలని వింత ఆకారాలవి వెతికి కొనుక్కొచ్చారు. తీరా చూస్తే, అవి ఉప్పు డబ్బీలని చూసేవాళ్లెవరూ పోల్చుకోలేరు! డబ్బు పెట్టి కొన్నవి పారేస్తారా? ఓడలోని డాక్టర్ మెకాయ్ చేతిలో పెట్టారు. రోగి ఒంటిమీద ఆయన గంభీరంగా తిప్పే వైద్య పరికరాలు అవే. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత పశ్చిమ జర్మనీలో మొదలైన ‘రౌమ్‌పట్రూయె’ అనే అంతరిక్ష సీరియల్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఓడ నడిపే బల్ల మీద మీటగా ఇస్త్రీపెట్టెనే బిగించేశారు.

స్టార్ ట్రెక్ మూడేళ్లకే, 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. చివరిది 1969 జూన్ 3న వచ్చింది. ఏడు వారాలు తిరగకముందే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. అంతరిక్షం అంటే ప్రపంచమంతా చెవికోసుకునే రోజుల్లో అంతరిక్ష సీరియల్‌ని ఆపేసిన ఘనత ఎన్‌బీసీ టీవీ వాళ్లది. దానికి అసలు పేరు తెచ్చింది తర్వాత చిన్నచిన్న స్టేషన్లు వేసుకున్న పునఃప్రసారాలు. 1976లో నాసా తొలి షటిల్‌కు ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు పెట్టబోతే, అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు గుప్పించి, సీరియల్‌లోని ఓడ పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ అని మార్పించారు. పాపం, ఆ షటిల్ గాలిలో గ్లైడింగ్ పరీక్షలకే పరిమితమైంది, అంతరిక్షం మొహం చూడలేదు.

అన్నట్టు, స్టార్ ట్రెక్‌లో పేరుమోసిన విలన్ మనవాడే. ఖాన్ నూనియన్ సింగ్. ఉత్తర భారతదేశంవాడిలా ఉన్నాడు, బహుశా సిక్కు అయివుంటాడని కథలో ఒక పాత్ర అంచనా వేస్తుంది. ఖాన్, సింగ్ ఒకే పేరులో ఎలా ఇమిడారో రాసినవాళ్లకే తెలియాలి. వేషం వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్.

ట్విలైట్ జోన్ సంగతి వేరు. అక్కడ అడ్డుపడింది స్పాన్సర్లు. దాని సృష్టికర్త రాడ్ సెర్లింగ్ అప్పటికే టీవీ నాటకాల్లో పెద్ద పేరున్న రచయిత. 1955లో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాణ్ని తెల్లవాళ్లు చంపేస్తే, జ్యూరీ హంతకుల్ని నిర్దోషులుగా వదిలేసింది. ఆ మంటలో సెర్లింగ్ ఒక నాటకం రాశాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో సరుకు అమ్ముకోవాలి కాబట్టి స్పాన్సర్లకు వణుకు పుట్టింది. చచ్చినవాడు నల్లవాడు కాకుండా పోయాడు. కథ జరిగే ఊరు ఉత్తరానికి, న్యూ ఇంగ్లండ్‌కు మారిపోయింది. చివరికి సెట్టులో కోకా కోలా సీసా కూడా కనిపించడానికి వీల్లేదన్నారు, దక్షిణాది గుర్తొస్తుందట! ఇలాంటి దెబ్బలు తిని తిని సెర్లింగ్‌కు ఒక కిటుకు తెలిసింది. పక్కింటివాడి నోట అనిపిస్తే కోసేసే మాటని గ్రహాంతరవాసి నోట అనిపిస్తే ఎవరూ కోయరు. 1959 నుంచి 1964 దాకా ఆ ముసుగులో జాతి ద్వేషం గురించి, అణుయుద్ధం గురించి, ఇరుగుపొరుగుల మధ్య చిచ్చు గురించి చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. సబ్బులూ సిగరెట్లూ అమ్ముకునేవాళ్లు డబ్బిచ్చి మరీ చెప్పించుకున్నారు.

ఆ సిరీస్‌లోని 156 ఎపిసోడ్లలో సెర్లింగ్ ఒక్కడే రాసినవి 92. తొంభైల్లో వచ్చిన ‘బాబిలాన్ 5’లో 110 ఎపిసోడ్లుంటే, సృష్టికర్త మైకెల్ స్ట్రజిన్‌స్కీ స్వయంగా రాసినవి ఎన్నో తెలుసా? అవీ 92! మూడు, నాలుగు సీజన్లలో ఇంకొకరి చెయ్యి పడలేదు. అయిదేళ్ల కథంతా ముందే అనుకుని మొదలుపెట్టిన సీరియల్ అది. ఇవాళ వెబ్ సిరీస్‌లన్నీ పట్టుకున్న దారి.

2003లో కొత్తగా తీసిన బాటిల్‌స్టార్ గలాక్టికా టైటిళ్ల వెనక చెవి పెట్టి వినండి. గాయత్రీ మంత్రం! మనిషి చేసిన యంత్రాలు మనిషి మీదికే దండెత్తి గ్రహాలకు గ్రహాలు బూడిద చేసే కథకు సంధ్యావందనంతో ఆరంభం. ఈ సీరియల్ లేవనెత్తిన ప్రశ్నల మీద 2009 మార్చిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో చర్చ పెట్టారంటే, ‘కాలక్షేపం సీరియల్’ అని కొట్టిపారేసేవాళ్లు కాస్త ఆలోచించాలి.

కొన్నిటికి అదృష్టం లేదు. 2002లో ఫాక్స్ టీవీలో వచ్చిన ‘ఫైర్‌ఫ్లై’ 14 ఎపిసోడ్లు తీస్తే 11 మాత్రమే వేశారు. అవైనా వరసలో వేశారా అంటే, కథ మొదలయ్యే ఎపిసోడ్‌ని ఆఖర్న వేశారు. ‘ద ఎక్స్‌పాన్స్’ను 2018లో సైఫై చానల్ వదిలేస్తే, అభిమానులు చందాలు వేసుకుని విమానం మాట్లాడి, అమెజాన్ ఆఫీసు మీదుగా బ్యానర్ ఎగరేయించారు. అమెజాన్ ఆ సీరియల్‌ను తీసుకుంది.

ఇక డాక్టర్ హూ. 1963 నవంబరు 23న, అంటే కెనడీ హత్య జరిగిన మర్నాడు మొదలైంది. ఆ వార్తల హోరులో ఎవరు చూశారో ఎవరు చూడలేదోనని బీబీసీ మరుసటి వారం మొదటి ఎపిసోడ్‌నే మళ్లీ వేసి, వెనకాలే రెండోది వేసింది. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు అప్పటికి 28 నిండలేదు. దర్శకుడు వారిస్ హుసేన్‌కు 24. ఈయన పుట్టింది లక్నోలో. తల్లి అతియా హొసేన్ పేరున్న ఇంగ్లిష్ నవలా రచయిత్రి. పెద్దలు కూర్చునే బీబీసీలో పిల్లకాయలకు అప్పగించిన పిల్లల కార్యక్రమం ఇది. బడ్జెట్టూ అందుకు తగ్గట్టే.

హీరో పేరు డాక్టర్. అతను ప్రయాణించే కాలయంత్రం టార్డిస్ వెళ్లినచోటుకి తగ్గట్టు రూపం మార్చుకోవాలి. రోముకు వెళ్తే స్తంభం, అడవికి వెళ్తే చెట్టు. ప్రతి కథకీ కొత్త రూపం కట్టించే స్తోమత లేదు కాబట్టి, రూపం మార్చే యంత్రం చెడిపోయిందని మొదట్లోనే చెప్పేశారు. లండన్ వీధుల్లో ఉండే నీలం పోలీసు పెట్టె ఆకారంలో అది అలాగే ఉండిపోయింది. అది బయల్దేరేటప్పుడు విశ్వం చిరిగిపోతున్నట్టు వినిపించే చప్పుడు? శబ్దాల పని చూసిన బ్రయన్ హాడ్జ్‌సన్ ఇంటి తాళంచెవితో పాత పియానో తీగల మీద గీకిన గీకుడు. సిగ్నేచర్ ట్యూన్ రాన్ గ్రెయినర్ రాసిస్తే, డెలియా డెర్బిషైర్ సింథసైజర్ అన్నదే లేకుండా, ఒక్కో స్వరానికి ఒక్కో టేపు ముక్క కత్తిరించి అతికించి తయారుచేసింది. తెర మీద ఆమె పేరు పడటానికి 2013 దాకా పట్టింది. అప్పటికి ఆమె లేదు.

అన్నింటికన్నా పెద్ద కిటుకు 1966లో పుట్టింది. డాక్టర్‌గా వేస్తున్న విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడి, డైలాగులు గుర్తుపెట్టుకోలేకపోతున్నాడు. మన సీరియళ్లలో అయితే ‘ఇకపై ఈ పాత్రలో ఫలానా’ అని కింద అక్షరాలు వేసి కానిచ్చేస్తారు. వాళ్లు మాత్రం ఆ మార్పునే కథ చేసేశారు. డాక్టర్ ఈ లోకంవాడు కాదు కదా, ఒళ్లు అరిగిపోతే కొత్త ఒళ్లు తెచ్చుకుంటాడు. హార్ట్‌నెల్ నేల మీద పడిపోయాడు, పాట్రిక్ ట్రౌటన్ లేచాడు.

నా ఓటు అందుకే దీనికి. ఎపిసోడ్ల నాణ్యత లెక్కేస్తే ట్విలైట్ జోన్‌లోని మంచి పదింటి ముందు ఇది నిలవదు, తీసి అవతల పారేయాల్సినవి ఇందులో బోలెడు. కానీ హీరోతోపాటు సీరియల్‌కూ ముసలితనం రావడం టీవీలో మామూలు. ఆ గండం దాటే ఉపాయం దొరికింది దీనికే. 1989లో బీబీసీ ఆపేసినా 2005లో కొత్త డాక్టర్‌తో లేచి కూర్చుంది.

అయితే ఓటేసినవాణ్ని ‘మొత్తం చూశావా?’ అని అడిగితే చిక్కే. వీడియో టేపు ఖరీదైన రోజులవి. చూసేసిన కార్యక్రమం చెరిపి, అదే టేపు మీద ఇంకోటి తీసుకునేవాళ్లు. అలా మొదటి ఆరేళ్లలోని ఎపిసోడ్లలో తొంభైకి పైగా బీబీసీ దగ్గర లేకుండా పోయాయి. హార్ట్‌నెల్ ట్రౌటన్‌గా మారే ఆ ఎపిసోడ్ కూడా పోయింది. ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమంలో ఆ ముక్క వాడుకోవడం వల్ల మారే దృశ్యం ఒక్కటి మిగిలింది. విదేశాలకు అమ్మిన ఫిల్మ్ కాపీలే ఇప్పుడు దిక్కు. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో ఒక టీవీ స్టేషన్ నుంచి తొమ్మిది ఎపిసోడ్లు బయటపడ్డాయి. పోయినవాటన్నింటికీ మాటలు మాత్రం వినొచ్చు. అప్పట్లో అభిమానులు ఇళ్లలో టీవీ ముందు టేపురికార్డర్ పెట్టి పట్టుకున్నవి అవి.

1964లో వచ్చిన ‘మార్కో పోలో’ కథకు ఏడు భాగాలు. కుబ్లాయ్ ఖాన్ కొలువు దాకా సాగే ప్రయాణం. ఏడింట్లో ఆరింటికి దర్శకుడు మన లక్నో కుర్రాడే. ఏడూ లేవు. బోలెడు దేశాలకు అమ్మారు కనుక ఏ గోదాములోనో ఒక కాపీ ఉండకపోదని వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు.