తీగ మారిన టెలిఫోను

బెంగళూరు నగరానికి ఆగ్నేయ దిశలో బెళ్ళందూరు ఉంది. ఒకప్పుడు చెరువును నమ్ముకొని బ్రతికిన గ్రామమది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వెలసిన కంప్యూటరు సంస్థలకు నెలవు. అక్కడి అద్దాల మేడలలో వేలాది మంది పనిచేస్తున్నారు. వారిలో తెలుగువారూ చాలామంది ఉన్నారు.

అటువంటి ఒక మేడలో నలభై మంది పనిచేసే చిన్న కార్యాలయం ఉందనుకొందాం. పాత టెలిఫోన్లను తీసివేసి, ఇంటర్నెట్టు ద్వారా మాట్లాడే ఫోన్లను పెట్టుకోవాలని దాని యజమాని తలపెట్టాడు. కంప్యూటర్ల కోసం గదిగదికీ తీగలు ఉండనే ఉన్నాయి. మాటలు కూడా వాటిమీదే పోతే రెండు బిల్లులు ఎందుకు కట్టాలని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే ఫోన్లు కొని తెచ్చి తగిలించినంత మాత్రాన ఈ పని పూర్తికాదు. ఎందుకో తెలియాలంటే మాట తీగలో ఎలా పోతుందో ముందు తెలుసుకోవాలి.

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనును కనిపెట్టిన నాటినుండి చాలాకాలం ఒకే పద్ధతి సాగింది. ఇద్దరు మాట్లాడుకొంటూ ఉంటే వారి మధ్య ఒక దారి ఏర్పడుతుంది. సంభాషణ ముగిసేవరకు ఆ దారి వారిదే. వారు మౌనంగా కూర్చున్నా మరొకరు అందులో అడుగు పెట్టలేరు. ఈ దారులను కలిపే చోటే ఎక్స్ఛేంజి. అటువంటి ఎక్స్ఛేంజీలను మన దేశంలోనే రూపొందించాలని 1984లో సి-డాట్ సంస్థను నెలకొల్పారు. అది తయారుచేసిన గ్రామీణ ఎక్స్ఛేంజీలలో మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులోనే పని ప్రారంభించింది.

ఇంటర్నెట్టు ఫోనులో ఎవరికీ సొంత దారి ఉండదు. మన గొంతును యంత్రం సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. వీటిని ప్యాకెట్లు అంటారు. సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లు బయలుదేరుతాయి. ఉత్తరం మీద చిరునామా రాసినట్లు ప్రతి ప్యాకెట్టు మీదా అది చేరవలసిన చోటు రాసి ఉంటుంది. ఆ రాతలతో కలిపి ఒక సంభాషణకు ఒక్కొక్క వైపు సెకనుకు సుమారు 90 కిలోబిట్లు పడతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. నలభై మందిలో పదిమంది ఒకేసారి మాట్లాడితే 900 కిలోబిట్లు. అంటే ఒక మెగాబిట్టుకు లోపే. కార్యాలయానికి ఉన్న ఇంటర్నెట్టు సామర్థ్యం 50 మెగాబిట్లు అనుకొంటే, ఇంత పెద్ద కాలువలో ఈ నీరు ఒక లెక్కా అనిపిస్తుంది. పొరపాటు పడేది ఇక్కడే. చిక్కు కాలువ వెడల్పులో లేదు, వరుసలో నిలబడడంలో ఉంది.

ఉత్తరం రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినా చదువుకోవచ్చు. దారిలో ఒక ముక్క పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. మాటకు ఆ వీలు లేదు. పోయిన ముక్కను తిరిగి తెప్పించేలోపు వాక్యం ముందుకు సాగిపోతుంది. ఒక నోటినుండి మరొక చెవికి మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మేలని అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ల సంఘం సూచించింది. ఒక సెకనులో ఏడవ వంతు కంటె కొంచెం ఎక్కువ, అంతే. అది దాటినకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఒకేసారి ఆగడం మొదలవుతుంది.

ఉదయం పదకొండు గంటలకు ఒక ఉద్యోగి పెద్ద చిత్రాల కట్టను ఢిల్లీకి పంపుతున్నాడనుకొందాం. అతని ప్యాకెట్లు బయటి ద్వారం దగ్గర బారులు తీరుతాయి. వాటి వెనుక గొంతు ప్యాకెట్లు చిక్కుకొంటాయి. సరిగా అదే సమయంలో ఫోను చేసిన ఖాతాదారుకు సగం మాటలే వినిపిస్తాయి.

దీనికి ఉపాయం బెళ్ళందూరు రోడ్డుమీదే ఒకసారి కనిపించింది. 2019లో ఔటర్ రింగ్ రోడ్డుపై బస్సులకోసం ఒక వరుసను వేరుచేశారు. కార్లు ఎన్ని నిలిచిపోయినా బస్సు తన వరుసలో సాగిపోవాలన్నది ఉద్దేశం. తరువాత మెట్రో పనుల వల్ల ఆ ఏర్పాటు నిలవలేదు. కార్యాలయంలోని రౌటరులోనూ అటువంటి వరుసనే ఏర్పరచవచ్చు. గొంతు ప్యాకెట్లపై ఒక గుర్తు వేసి, ఆ గుర్తు ఉన్నవి ముందు పోవాలని రౌటరుకు ఆదేశించాలి. కాని ఈ ఆదేశం కార్యాలయం గడప వరకే చెల్లుతుంది. ఆ తరువాతి ఇంటర్నెట్టు అందరిదీ. అక్కడ ఈ గుర్తును మన్నించాలన్న నియమం లేదు. కాబట్టి ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థ ఎంత వేగం ఇస్తుందో అడిగితే చాలదు, ఎంత నిలకడగా ఇస్తుందో కూడా అడగాలి.

ఇక విద్యుత్తు సంగతి. పాత ఫోనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి టెలిఫోను తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. కొత్త ఫోను కార్యాలయంలోని స్విచ్చి పెట్టెమీద ఆధారపడుతుంది. ఆ పెట్టె ఆగితే నలభై ఫోన్లూ ఒక్కసారే మూగబోతాయి. అందుచేత దానికీ, రౌటరుకూ యు.పి.ఎస్. తప్పనిసరి. అది ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. 2022 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు బెళ్ళందూరు పరిసరాలు జలమయమయ్యాయి. ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు వెళ్ళారు. అటువంటి చోట యు.పి.ఎస్.ను నేలమాళిగలో పెడితే మొదట మునిగేది అదే.

అయితే ఆ వరద రోజులలోనే కొత్త ఫోన్ల మేలు కూడా తెలుస్తుంది. పాత ఫోను సంఖ్య గోడలోని తీగకు కట్టుబడి ఉండేది. కొత్త ఫోను సంఖ్య మనిషి వెంట నడుస్తుంది. ఇంటినుండి పనిచేసే ఉద్యోగి అదే సంఖ్యకు వచ్చిన పిలుపును తన ఇంట్లోనే అందుకోవచ్చు.

ఆ గుణమే ఒక్కచోట ప్రమాదకరం. అగ్నిప్రమాదం జరిగి 112కు ఫోను చేసినప్పుడు, తీగకు కట్టుబడిన ఫోనైతే అది ఏ చిరునామాలో ఉందో తెలిసిపోతుంది. ఇంటర్నెట్టు ఫోను ఏ మేడలో ఉందో, ఏ ఊళ్ళో ఉందో దాని సంఖ్యను బట్టి చెప్పడం కష్టం. ఆ పిలుపు అసలు పోతుందో లేదో కూడా ముందే విచారించాలి. లిఫ్టులోని అత్యవసర ఫోను, మంటల హెచ్చరిక యంత్రం పాత తీగనే వాడుకొంటూ ఉండవచ్చు. తొందరపడి తీగ తీయించివేస్తే, లిఫ్టు ఆగిన రోజున గాని ఆ సంగతి బయటపడదు.

చట్టం కూడా ఈ విషయంలో మెల్లగానే నడిచింది. మన దేశంలో ఇంటర్నెట్టు ద్వారా మాట్లాడుకోవడానికి 2002 ఏప్రిల్ 1 నుండి పరిమితంగా అనుమతి ఇచ్చారు. దేశంలోని మామూలు ఫోను సంఖ్యలకు ఇంటర్నెట్టు నుండి మాట్లాడే సౌకర్యం 2018లో గాని రాలేదు. కనుక లైసెన్సు ఉన్న సంస్థ నుండే ఈ సేవను తీసుకోవాలి. పాత సంఖ్య కొనసాగుతుందో లేదో ఆ సంస్థ చేత రాయించుకోవాలి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అంటారు. పాత ఫోన్లు పనిచేస్తూ ఉండగానే ఒక విభాగంలోని అయిదారుగురికి కొత్తవి ఇచ్చి చూడాలి. సోమవారం ఉదయం, అందరూ కంప్యూటర్ల ముందు కూర్చొన్న వేళ పరీక్షించాలి. ఆదివారం ఖాళీ కార్యాలయంలో ఏ ఫోనైనా చక్కగా వినిపిస్తుంది. ఒకసారి కావాలనే విద్యుత్తు ఆపి, ఫోన్లు ఎంతసేపు నిలుస్తాయో గడియారం చూసి రాసుకోవాలి. నెల రోజులు ఇలా గడిచాక మిగిలినవారికి మార్చవచ్చు. కాపలాదారు బల్లమీది పాత ఫోనును మాత్రం అలాగే ఉంచి, పక్కనే గోడమీద 112 అనీ, మేడ పూర్తి చిరునామా అనీ పెద్ద అక్షరాలతో రాయించాలి.