దీనారం: బొమ్మ ఎవరిదైనా బరువే ముఖ్యం

శ్రీనాథుడి కనకాభిషేకం అనగానే మనకి గుర్తొచ్చేది ‘దీనార టంకాలు’. ఈ దీనారం ఎక్కడి మాట అని వెతికితే నాకు రోము దాకా వెళ్లాల్సి వచ్చింది. రోమన్ల వెండి నాణెం పేరు డెనారియస్. ఆ పేరే సంస్కృతంలో దీనారమై, బంగారు నాణేనికి వాడుకలోకొచ్చి, మన తెలుగుకి చేరింది.

మాటే కాదు, నాణెం కూడా ఇటు వచ్చింది. 1891లో మన బెంగళూరు యశ్వంతపురం దగ్గరే రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1531 దొరికాయి.

మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది అగస్టస్ చక్రవర్తిది. ఒకవైపు తలకి ఆకుల దండ చుట్టుకున్న ఆయన ముఖం. రెండోవైపు డాళ్లు, ఈటెలతో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లు ఆయన కూతురి కొడుకులు గైయస్, లూసియస్. తాతే వాళ్లని దత్తత తీసుకుని వారసులుగా చూపించాడు. పాపం, ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు. రెండో రకం టైబీరియస్‌ది. దాని వెనకవైపు ఒక చేత రాజదండం, ఇంకో చేత కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు.

‘నా తర్వాత వీళ్లే’, ‘నా పాలనలో అంతా శాంతి’ అని రోము ప్రజలకి చెప్పడానికి ఈ బొమ్మలు. ఇక్కడి వర్తకుడికి ఆ ముఖాలూ తెలియవు, లాటినూ రాదు. అతను చూసింది త్రాసు, గీటురాయి. రోమన్ రచయిత ప్లినీ ఒక ముచ్చట రాశాడు: నాణేల మీద బొమ్మలు వేరైనా బరువు ఒకటే ఉండటం చూసి సింహళ రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడట.

తర్వాత నీరో వచ్చాడు. రోమన్ పౌనుకి 84 నాణేలు కొట్టే చోట, క్రీ.శ. 64లో 96 కొట్టించాడు. వెండి పాలూ తగ్గించాడు. ఆ తర్వాతి వెండి నాణేలు మన దేశంలో చాలా అరుదు. చక్రవర్తి ముఖం ఉన్నా సరే, బరువు తగ్గితే ఇక్కడ చెల్లని కాసే!

అంత గట్టి నాణెం కాబట్టే పేరు నిలిచిందని నాకనిపిస్తుంది. ఈసారి క్లాసులో ‘దీనారం’ వచ్చినప్పుడు యశ్వంతపురాన్ని కూడా ఒకసారి తలుచుకోండి.