‘సీత’ తప్పు పేరా?

మా కంప్యూటర్ క్లబ్‌లో సభ్యుల పేర్లను తెలుగులో నమోదు చేయడానికి పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాం. తెలుగు అక్షరాలు తప్ప అంకెలు, ఇతర గుర్తులు ఉంటే అది ఒప్పుకోకూడదు. ముందుగా ‘కమల’ అని టైపు చేశాం. ఒప్పుకుంది. ఆ వారమే మా తరగతిలో చేరిన అమ్మాయి ‘సీత’ అని టైపు చేసింది. ‘పేరు తప్పు’ అని వచ్చింది! వాళ్ల నాన్నగారి బదిలీలతో ఆమెకు ఇది నాలుగో బడి. పాపం, మొహం చిన్నబోయింది. పొరపాటు ఎక్కడుందో వెతికాం.

మేము వాడినది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అంటే పదం ఎలా ఉండాలో చెప్పే నమూనా. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య రాసేది అక్షరాల తరగతి. [కమల] అంటే ఆ మూడింటిలో ఏదైనా ఒక అక్షరం. నడుమ అడ్డగీత పెడితే అది శ్రేణి. [క-హ] అంటే క నుంచి హ వరకు ఏదైనా ఒకటి. ఈ వరుసను కంప్యూటర్ యూనికోడ్ సంఖ్యలతో లెక్కిస్తుంది. క సంఖ్య 3093, హ సంఖ్య 3129.

మేము [అ-హ] అని రాశాం. అ సంఖ్య 3077. మనకు ‘సీ’ ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం స ఒకటి, గుడిదీర్ఘం ఒకటి. గుణింతపు గుర్తులు, పొల్లు 3134 నుంచి 3149 వరకు ఉన్నాయి. సున్న, విసర్గ 3074, 3075. ఇవన్నీ మా శ్రేణికి బయటే ఉండిపోయాయి. ‘కమల’లో గుణింతం లేదు కాబట్టి గట్టెక్కింది.

అందుకని రెండు సహాయక ఫంక్షన్లు రాసుకున్నాం. ‘శ్రేణి’ రెండు సంఖ్యలు తీసుకుని, వాటిని అక్షరాలుగా మార్చి, నడుమ అడ్డగీత పెట్టి ఇస్తుంది. మొదటి సంఖ్య పెద్దదైతే వెంటనే తప్పు చూపిస్తుంది. ‘తరగతి’ ఆ శ్రేణులను పక్కపక్కన చేర్చి బ్రాకెట్లు పెడుతుంది.

తరగతి(శ్రేణి(3074, 3075), శ్రేణి(3077, 3129), శ్రేణి(3134, 3149))

ఈసారి ‘సీత’ను ఒప్పుకుంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. యూనికోడ్‌లో హిందీ రాసే దేవనాగరి 2304తో, తెలుగు 3072తో, కన్నడం 3200తో మొదలవుతాయి. ఒక్కోదానికి 128 స్థానాలు. అక్షరాల క్రమం దాదాపు ఒకటే. మొదటి సంఖ్యకు 21 కలిపితే మూడింటిలోనూ క వస్తుంది. కాబట్టి మొదటి సంఖ్య మారిస్తే అవే ఫంక్షన్లు పనికొస్తాయి. హిందీలో అక్షరం కింద పెట్టే చుక్క లాంటివి విడిగా చేర్చుకోవాలి.

మన బడి మారినా ఈ రెండు ఫంక్షన్లు మనతో వస్తాయి. మీరూ రాసి, ముందుగా మీ పేరుతోనే పరీక్షించండి.