మా అమ్మమ్మ అష్టాచమ్మా రూల్స్: కోడ్ రాస్తే బయటపడిన సంగతి

 

ఈరోజు టేబుల్ మీద ల్యాప్‌టాప్ లేదు, గమనించారా? ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. ఒకసారి ఊపుతాను, చప్పుడు వినండి. లోపల ఉన్నవి నాలుగు గవ్వలు. ఇవి మా అమ్మమ్మవి. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది.

నా ఫోన్‌లో అమ్మమ్మ ఫొటోలు చాలానే ఉన్నాయి. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, పుట్టినరోజు కేక్ పక్కన. అన్నిట్లోనూ కెమెరా వైపు చూస్తూ కొయ్యబొమ్మలా నిలబడి ఉంటుంది. నిజానికి నాకు తెలిసిన అమ్మమ్మ అలా ఉండదు. కాళ్ళు చాపుకుని అరుగు మీద కూర్చుని, గవ్వలు గుప్పెట్లో గలగలలాడించి, "చూస్కో, ఇప్పుడు నీ కాయ చచ్చింది" అనే మనిషి ఆవిడ. ఆ అమ్మమ్మ ఒక్క ఫొటోలో కూడా లేదు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఆట తెలియనివాళ్ళ కోసం రెండు నిమిషాలు. అష్టాచమ్మా అనగానే మనలో చాలామందికి 2008లో వచ్చిన నాని మొదటి సినిమా గుర్తొస్తుంది. ఆ పేరు ఈ ఆటదే. నేల మీద సుద్దతో అయిదు గళ్ళు అడ్డం, అయిదు గళ్ళు నిలువు గీస్తాం. మొత్తం 25 గళ్ళు. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ మార్కు వేస్తాం. మార్కు ఉన్న గడిలో కూర్చున్న కాయని ఎవరూ చంపలేరు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. మా ఇంట్లో ఒకరికి చింతపిక్కలు, ఒకరికి గాజుముక్కలు, ఇంకొకరికి చీపురుపుల్లలు.

మీ వైపు మధ్య గడిలో మొదలుపెట్టి బయటి 16 గళ్ళు చుట్టి రావాలి. తర్వాత లోపలి 8 గళ్ళలోకి దూరి, దిశ మార్చి, ఆ చుట్టు కూడా పూర్తి చేసి, చివరికి నడిమి గడికి చేరాలి. చేరితే కాయ పండినట్టు. ఒక్క కాయ పండాలంటే 24 అడుగులు. దార్లో అవతలివాళ్ళు మీ గడిలోకి వస్తే మీ కాయ చచ్చి మళ్ళీ మొదటికి.

పందెం వెయ్యడానికి నాలుగు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని అడుగులు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం వెయ్యొచ్చు. కర్ణాటకలో ఇలాంటి ఆటనే చౌకాబారా అంటారు. మన ఫోన్లలో ఆడే లూడో కూడా గవ్వలతో ఆడే పచ్చీసు నుంచి పుట్టిందే.

గవ్వల గురించి ఇంకో మాట. మాల్దీవుల సముద్రంలో దొరికే ఈ చిన్న గవ్వలు వందల ఏళ్ళ పాటు మన దేశంలో చిల్లర డబ్బులుగా నడిచాయి. "చిల్లిగవ్వ కూడా లేదు" అని మనం ఇప్పటికీ అంటున్నది అందుకే.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం.

అమ్మమ్మ ఉండగా నేను చివరిసారి ఊరెళ్ళింది సంక్రాంతికి. తణుకు దగ్గర మా ఊరు. భోజనాలయ్యాక ఆవిడ ఈ డబ్బా తెచ్చి అరుగు మీద కూర్చుంది. మేమేమో నలుగురం ఒక ఫోన్ చుట్టూ చేరి లూడో ఆడుతున్నాం. "అమ్మమ్మా, ఇది కూడా అదే ఆట, రా" అని పిలిచాను. వచ్చి కాసేపు చూసింది.

"ఇందులో పందెం ఎవరేస్తున్నార్రా?" అంది.

"ఫోనే వేస్తుంది అమ్మమ్మా."

"మరి నువ్వేం చేస్తున్నట్టు?"

అందరం నవ్వేశాం. ఆవిడ కూడా నవ్వి, డబ్బా మూత పెట్టేసి లోపలికి వెళ్ళింది. మేం లూడో కంటిన్యూ చేశాం. ఆ తర్వాత ఆవిడతో ఆడే ఛాన్స్ నాకు రాలేదు.

ఆవిడ పోయిన కొన్ని వారాలకి ఏం చెయ్యాలో తోచక, నాకు తెలిసిన పని చేశాను. అమ్మమ్మ అష్టాచమ్మాని యాప్‌గా రాద్దామని కూర్చున్నాను. మొదటి చిక్కు గవ్వల దగ్గరే వచ్చింది. ఒక్కో గవ్వ వెల్లకిలా పడే ఛాన్స్ సగం, బోర్లా పడే ఛాన్స్ సగం అని రాశాను. ఆ లెక్కన నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు. 1 పడే రకాలు 4, 2 పడే రకాలు 6, 3 పడే రకాలు 4. చమ్మా ఒకటి, అష్టా ఒకటి. అంటే అష్టా పడే ఛాన్స్ ఆరు శాతం పైన కొంచెం. సగటున ఒక పందేనికి రెండున్నర అడుగులు.

కోడ్ బానే నడిచింది. కానీ ఆడుతుంటే అమ్మమ్మ ఆటలా లేదు. ఎందుకంటే గవ్వ నాణెం కాదు. ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు పళ్ళున్న నోరు. ఒక్కో గవ్వకి ఒక్కో బరువు, ఒక్కో వంపు. ఉదాహరణకి వెల్లకిలా పడే ఛాన్స్ 50 బదులు 40 శాతం అనుకోండి. అప్పుడు అష్టా ఛాన్స్ దాదాపు 13 శాతానికి పెరుగుతుంది. చమ్మా రెండున్నర శాతం దగ్గరికి పడిపోతుంది. చిన్న తేడాకే ఆట మొత్తం మారిపోతుంది. ఇదిగో, ఈ గవ్వ చూడండి, వీపు అరిగిపోయి ఉంది. అమ్మమ్మ దీన్ని "ముసల్ది" అనేది. "ముసల్ది మాట వినదు" అనేది. అప్పుడు జోక్ అనుకున్నాను. దశాబ్దాలు ఆడిన చేతికి ఏ గవ్వ ఎలా పడుతుందో తెలుసు. ఫోన్‌లో రాండమ్ నంబర్ ఒక లెక్కలోంచి వస్తుంది. దానికి ముసల్ది ఎవరో తెలీదు.

రెండో చిక్కు రూల్స్. సంవత్సరీకానికి అందరం ఊళ్ళో కలిశాం. సాయంత్రం మా వాళ్ళకి యాప్ చూపించాను. పది నిమిషాల్లో గొడవ మొదలైంది.

నేను రాసిన ఒక రూల్ ఏంటంటే, మన కాయ చచ్చిపోతే వెంటనే ఒక పందెం అదనంగా వెయ్యొచ్చు. చిన్నప్పట్నుంచీ నేను అలాగే ఆడాను. మామయ్య కొడుకు, మా బావ, "అలాంటి రూలే లేదురా" అన్నాడు. వాడి లెక్క ప్రకారం ఒక్క కాయనీ చంపకుండానే లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చు. మా అమ్మ నవ్వింది. "ఒక్కటన్నా చంపితేనే లోపలికి. ఊరంతా అంతే" అంది. పిన్ని కూతురు ఏమో, గవ్వ చాప దాటి దొర్లిపోతే ఆ పందెం కొట్టేసి మళ్ళీ వెయ్యొచ్చు అంది. మిగతా ఎవరికీ ఆ రూల్ తెలీదు.

నలుగురం అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాం. నలుగురివీ నాలుగు రూల్స్. నేను దీన్ని బగ్ అనుకున్నాను. విడమరిచి చెప్పింది అమ్మ.

నేను చిన్నప్పుడు కాయ చస్తే ఏడ్చి ఆట వదిలేసి లేచిపోయేవాణ్ణట. అందుకని నాకు ఒక పందెం ఎక్కువ. బావ మెతక. ఎవరి కాయనైనా చంపడానికి మొహమాటపడేవాడు, దాంతో వాడి కాయలు బయటే తిరుగుతూ ఉండేవి. అందుకని వాడికి చంపకుండానే లోపలికి దారి. చెల్లివి చిన్న చేతులు, నాలుగు గవ్వలు గుప్పెట్లో పట్టేవి కావు. ఎవరికీ ఇది రాయితీ అని చెప్పలేదు. "రూల్ అంతేరా" అనేది, అంతే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక్కో యూజర్‌కి ఒక్కో సెట్టింగ్, ఎక్కడా రాసుకోకుండా, అన్నీ ఆవిడ బుర్రలోనే.

నాకు 28 ఏళ్ళొచ్చాక, అదీ ఆవిడ పోయాక, తెలిసింది ఇది. సంక్రాంతి రోజు ఆ డబ్బా మూత తీసి ఉంచి ఇంకో పావుగంట కూర్చుని ఉంటే బహుశా నేనే అడిగేవాణ్ణి. అడగలేదు.

యాప్ రిలీజ్ చెయ్యలేదు. ఏ రూల్ పెట్టాలో నాకు తెలీదు కాబట్టి.

మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో తాతయ్యో ఉంటే, మీకు మూడు పనులు చెప్తాను. ఒకటి, వాళ్ళని ఫొటోకి నిలబెట్టకండి. వాళ్ళు చేసే పని దగ్గర ఫోన్ పెట్టండి. మొహం రాకపోయినా పర్లేదు, చేతులు రావాలి. ముగ్గు వేసేటప్పుడు, పూలు కట్టేటప్పుడు, గవ్వలు విసిరేటప్పుడు. రెండు, రూల్స్ అడగండి. ఆట అయినా, ఆవకాయ అయినా, "ఎందుకలా?" అని అడగండి. అదే ప్రశ్న అమ్మనీ మామయ్యనీ కూడా అడగండి. జవాబులు ఎక్కడ తేడాగా ఉన్నాయో అక్కడ ఒక కథ ఉంటుంది. మూడు, వీడియో తీసి పక్కన పెట్టెయ్యకుండా వాళ్ళతో కూర్చుని ఒక ఆట ఓడిపోండి. చేత్తో నేర్చుకున్నది చెయ్యి అంత తొందరగా మర్చిపోదు. సైకిల్ సంగతి తెలుసు కదా.

పెద్దవాళ్ళు లేకపోతే? వాళ్ళతో ఆడిన ఇంకొకరు ఉంటారు. వాళ్ళని పట్టుకోండి.

సంవత్సరీకం మర్నాడు పొద్దున అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, మా అన్నయ్య కూతురికి ఆట నేర్పించాం. దానికి ఆరేళ్ళు. మూడో రౌండ్‌లోనే దాని కాయని నేను చంపేశాను. మూతి ముడిచింది. లేచిపోబోతోంది. నేను ఏదో అనేలోపే మా అమ్మ గవ్వలు ఏరి దాని చేతిలో పెట్టి, "ఇంకోసారి వెయ్యి, రూల్ అంతే" అంది.

ముసల్ది బోర్లా పడింది. మిగతా మూడూ కూడా. అష్టా.

ఈ వారానికి ఇంతే. మీ ఇంట్లో మాత్రమే ఉన్న రూల్ ఏదైనా ఉంటే నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.