జపాన్ ఇంట్లో పదకొండేళ్ళ చుట్టం

ఊళ్ళు చూసి రావటానికి కాక, ఒక కుటుంబం మధ్య కొన్నాళ్ళు మెలగటానికి పరదేశం వెళ్ళి, ఆ ఇంటివారు తిన్నదే తింటూ వారు లేచిన వేళకే లేస్తూ గడిపే పద్ధతిని హోమ్‌స్టే అంటారు. డబ్బు తీసుకొని ఇంట్లో గది ఇచ్చే వ్యాపారం కూడా ఇదే పేరుతో చలామణీ అవుతున్నందువల్ల ఈ రెండింటినీ మొదట్లోనే వేరుచేసి చూడవలసి ఉంటుంది. జపాన్‌లో ఆ వ్యాపారాన్ని ‘మిన్‌పకు’ అంటారు; 2018 జూన్‌లో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం ఇంటిని అలా బసకిచ్చేవారు స్థానిక అధికారుల వద్ద నమోదు చేయించుకోవాలి, సంవత్సరంలో 180 రోజులకు మించి బస ఇవ్వకూడదు. పిల్లల కోసం నడిచే హోమ్‌స్టేకు ఈ లెక్కలు పట్టవు. ఆతిథ్యమిచ్చే కుటుంబం సాధారణంగా డబ్బు పుచ్చుకోదు. తమ పిల్లలకు తోడుగా మరొక దేశపు బిడ్డ కొన్నాళ్ళు ఇంట్లో తిరగటమే ఆ కుటుంబానికి దక్కే ప్రతిఫలం.

ఈ పద్ధతి జపాన్‌లో పుట్టినది కాదు. డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ 1932లో కొందరు కుర్రవాళ్ళను ఐరోపాకు తీసుకువెళ్ళి అక్కడి కుర్రవాళ్ళతో కలిపి ఉంచటంతో మొదలైన ప్రయోగం, కొద్ది కాలానికే విదేశీ కుటుంబాల మధ్య నివాసంగా రూపుకట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ ఆలోచనకు బలం చేకూరింది. యుద్ధరంగాల్లో అంబులెన్సులు నడిపిన స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏఎఫ్‌ఎస్ 1947లో ఉన్నత పాఠశాల విద్యార్థుల మార్పిడికి పూనుకోగా, డోరిస్ ఆలెన్ అనే మనస్తత్వవేత్త 1951లో అమెరికాలోని సిన్సినాటిలో వివిధ దేశాల పిల్లలతో ఒక వేసవి శిబిరం నడిపి, అందుకు పదకొండేళ్ళ వయసును ఎంచుకున్నారు. తల్లిదండ్రులను వదిలి కొన్ని వారాలు ఉండగల ధైర్యం అప్పటికి వస్తుంది, కౌమారపు బిడియం ఇంకా రాదు, ఉమ్మడి భాష లేకపోయినా ఆట సాగుతుంది. ఈ మూడూ ఒకేసారి కుదిరే కాలం మనిషి జీవితంలో చాలా కొద్దిది.

జపాన్ నైరుతి కొసన ఉన్న క్యూషూ దీవిలోని ఫుకువోకా నగరం ఎంచుకున్నదీ ఆ వయసునే. టోక్యో కన్నా దక్షిణ కొరియా రాజధాని సియోల్ ఈ నగరానికి దగ్గర కావటం, వందల ఏళ్ళుగా హకతా రేవు గుండా చైనా, కొరియాల సరుకులూ బౌద్ధ భిక్షువులూ రావటం వంటి కారణాలవల్ల ఆసియా వైపు చూడటం ఈ ఊరికి పాత అలవాటు. పురపాలక సంఘం ఏర్పడి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1989లో ఇక్కడ ఆసియా పసిఫిక్ ప్రదర్శన జరిగింది. ఆ సంవత్సరమే ఏషియన్ పసిఫిక్ చిల్డ్రన్స్ కన్వెన్షన్ అనే పేరుతో పలు దేశాల నుంచి పదకొండేళ్ళ పిల్లలను పిలిపించి స్థానిక కుటుంబాల్లో ఉంచటం ఆరంభమైంది. ప్రదర్శన ముగిసినా పిల్లల రాక ఆగలేదు. జూలైలో జరిగే ఈ కార్యక్రమానికి వచ్చే పిల్లలను ‘బాల రాయబారులు’ అని పిలుస్తారు. వారిని పంపే దేశాల్లో పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీప రాజ్యాలతోపాటు భారతదేశమూ ఉంది. పిల్లలు తమ దేశం నుంచి ఒక పెద్దమనిషి వెంట బృందంగా బయలుదేరి, మొదట అన్ని దేశాలవారూ కలిసే శిబిరంలో గడిపి, ఆ తర్వాత తలా ఒక ఇంటికి చేరుకుంటారు.

అక్కడినుంచే అసలు విషయం మొదలవుతుంది. చుట్టం ఇంటికి వస్తే మంచినీళ్ళిచ్చి, పీట వేసి, తిన్న కంచం కూడా తీయనివ్వకుండా మర్యాద చేయటం తెలుగువారి లోగిళ్ళలో తరతరాల ఆచారం. హోమ్‌స్టే నిలబడేది ఇందుకు సరిగ్గా ఎదురైన సూత్రం మీద: మొదటి రోజు తప్ప ఆ పిల్ల చుట్టం కాదు. ఇంటి పిల్లలు పళ్ళెం తీసుకెళ్ళి తొట్టిలో పెడితే తానూ పెట్టాలి, వారు ఉదయం పక్క చుట్టి అల్మరాలో సర్దితే తానూ సర్దాలి, ఇంటి యజమానిని ‘ఒతోసన్’ అనీ యజమానురాలిని ‘ఒకాసన్’ అనీ, అంటే నాన్నగారు, అమ్మగారు అని పిలవాలి. పనీపాటా లేకుండా గౌరవం మాత్రమే అందుకున్న పిల్ల పది రోజుల తర్వాత కూడా పరాయిదిగానే ఇల్లు చేరుతుంది. ఇది కార్యక్రమాలు నడిపేవారు పదే పదే చెప్పవలసి వచ్చే మాట, ముఖ్యంగా అతిగా గారం చేసే కుటుంబాలకు.

గుమ్మం దాటగానే ‘గెన్‌కన్’ అనే పల్లపు భాగం ఉంటుంది. చెప్పులు అక్కడే విడిచి, కొసలు వీధివైపు ఉండేలా తిప్పి పెట్టి, మెట్టు ఎక్కి లోపలికి వెళ్ళాలి. చెప్పులు బయట విడవటం తెలుగు పిల్లకు కొత్త కాదు గాని, లోపల వేసుకొనే మెత్తని చెప్పులు, వాటిని కూడా విడిచి ఒట్టికాళ్ళతోనో మేజోళ్ళతోనో అడుగుపెట్టవలసిన ‘తతమి’ గది, మరుగుదొడ్డికి మాత్రమే కేటాయించిన వేరే చెప్పులు అనే మూడంచెల ఏర్పాటు ఒంటబట్టటానికి కొంత సమయం పడుతుంది. తతమి అంటే గడ్డితో నేసిన మందపు చాప. ఒక్కొక్కటి సుమారు 180 సెంటీమీటర్ల పొడవు, అందులో సగం వెడల్పు ఉంటుంది. గది వైశాల్యాన్ని కూడా ఆరు తతమిలు, ఎనిమిది తతమిలు అని చాపల లెక్కలోనే చెబుతారు. అనేక ఇళ్ళలో ఇప్పుడు ఇలాంటి గది ఒక్కటే మిగిలింది, వచ్చిన పిల్లకు పక్క పరిచేదీ తరచుగా అందులోనే.

స్నానం దగ్గర తేడా మరింత లోతైనది. తెలుగు ఇళ్ళలో పొద్దున్నే స్నానం చేయనిదే ముద్ద ముట్టకూడదన్న పట్టింపు ఉంటే, జపాన్ కుటుంబాల్లో స్నానం రాత్రి పని. రోజంతా అంటిన మట్టినీ చెమటనూ వదిలించుకున్నాకే పక్క మీదికి చేరాలన్నది అక్కడి పట్టింపు. ‘ఒఫురో’ అనే లోతైన తొట్టిలో నలభై డిగ్రీల పైబడిన వేడినీళ్ళు నింపి మూత వేసి ఉంచుతారు. తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని, నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కొని, ఆ తర్వాతే తొట్టిలోకి దిగి గొంతు వరకు మునగాలి. అవే నీళ్ళలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు కాబట్టి సబ్బు చుక్క కూడా అందులో పడకూడదు, చివరివారు దిగేదాకా నీళ్ళు వదలకూడదు. మరునాడు ఆ మిగిలిన నీటిని బట్టలుతికే యంత్రానికి వాడుకొనే ఇళ్ళు కూడా ఉన్నాయి. అలవాటు ప్రకారం స్నానం కాగానే బిరడా లాగేసి తొట్టి ఖాళీ చేసిన విదేశీ పిల్లల గురించి ఆతిథ్య కుటుంబాలు నవ్వుతూ చెప్పుకుంటాయి. పీట మీద కూర్చుని చెంబుతో పోసుకోవటం ఎరిగిన పిల్లకు, షవర్ కింద నిలబడటం మాత్రమే తెలిసిన పిల్ల కన్నా ఈ పద్ధతి సులువుగా పట్టుబడుతుంది.

పిల్లను పంపే తెలుగు తల్లులు బయటికి అడగలేక మనసులో నలిగే ప్రశ్న ఒకటుంది, అది మరుగుదొడ్లో నీళ్ళ సంగతి. ఈ విషయంలో ఈ నగరం ఉన్న ఫుకువోకా రాష్ట్రానికి మించిన చోటు దొరకదు. మీట నొక్కితే గోరువెచ్చని నీటితో కడిగే ‘వాష్‌లెట్’ను 1980లో విపణిలోకి తెచ్చిన టోటో సంస్థ ప్రధాన కార్యాలయం ఈ రాష్ట్రంలోని కితక్యూషూ నగరంలోనే ఉంది.

భోజనం దగ్గర మాత్రం ముందుచూపు కావాలి. అన్నం ఉంటుంది, కాని అది గింజ పొట్టిగా, ఒకదానికొకటి అంటుకొనే రకం. దానిలో సాధారణంగా కూర కలపరు, విడిగా తింటారు. తినటానికి వాడే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు పదార్థం అందించకూడదు. మొదటిది చనిపోయినవారి ముందు పెట్టే అన్నాన్ని, రెండవది దహనం తర్వాత అస్థులు ఏరే క్రియను గుర్తుకు తెస్తాయి. శాకాహార కుటుంబాల పిల్లలకు చిక్కు వేరేచోట వస్తుంది. జపాన్ వంటకు ఆధారమైన ‘దషి’ అనే చారునీటిని సాధారణంగా ఎండబెట్టి చెక్కిన బొనిటో చేప పలుకులతో కాస్తారు. పొద్దుటి మిసో పులుసులోనూ ఉడికిన కూరగాయల్లోనూ అదే ఉంటుంది. పళ్ళెంలో చేపముక్క కనిపించకపోతే అది శాకాహారమేనని ఆ ఇంటి ఇల్లాలు మనస్ఫూర్తిగా నమ్మవచ్చు. అందుచేత ముందుగా పంపే పత్రంలో శాకాహారి అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, చేపతో కాచిన నీరు పనికివస్తుందా రాదా, గుడ్డు తినవచ్చా, పాలూ పెరుగూ సరేనా అని విడివిడిగా రాయాలి. చేపకు బదులు ‘కొంబు’ అనే సముద్రపు నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ దషి కాయటం బౌద్ధ మఠాల వంటలో ఎప్పటినుంచో ఉన్నదే గనుక, ముందే తెలిస్తే ఏ ఇల్లాలికీ అది కష్టం కాదు. హకతాకు పేరు తెచ్చిన రామెన్ నూడుల్స్‌కు మాత్రం ఆధారం పంది ఎముకలను గంటల తరబడి మరిగించిన రసం, దానికి ప్రత్యామ్నాయం వెతకటం వృథా ప్రయాస. కారం కోసం నాలుక పీకే పిల్లకు ఈ ఊళ్ళో ఒక ఓదార్పు ఉంది, ఆమె మాంసాహారి అయితే: మిరపకారంలో ఊరవేసిన చేపగుడ్ల సంచి ‘మెంతైకో’ ఫుకువోకావారు ఇష్టంగా నంజుకొనే పదార్థం.

జూలై మూడో వారం దాటేదాకా బడులకు వేసవి సెలవులు రావు కాబట్టి అతిథి పిల్లలకు ఇంటి పిల్లలతోపాటు ప్రాథమిక పాఠశాలకు వెళ్ళే అవకాశం దొరుకుతుంది. మధ్యాహ్నం తెల్లటి అంగీ, టోపీ, మూతికి గుడ్డ ధరించిన కొందరు విద్యార్థులు వంటశాల నుంచి గంగాళాలు మోసుకొచ్చి తరగతి అందరికీ వడ్డిస్తారు. ఉపాధ్యాయుడూ ఆ గదిలోనే కూర్చుని అదే తింటారు. బడిభోజనానికి సంబంధించిన చట్టం 1954 నాటిది, భోజనాన్ని చదువులో భాగంగానే అక్కడ పరిగణిస్తారు. ఆ తర్వాత పిల్లలు గదులూ నడవలూ తామే తుడుస్తారు. మధ్యాహ్న భోజన పథకం తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి నడుస్తున్నా, వడ్డించే గరిటె పిల్లల చేతికి వంతులవారీగా ఇవ్వటం ఇంకా ఆలోచించదగ్గ విషయమే.

అదే నెలలో నగరంలోని హకతా పాతబస్తీ ఒక పండుగలో మునిగి ఉంటుంది. జూలై 1 నుంచి 15 దాకా జరిగే గియోన్ యమకసాలో చివరి రోజు తెల్లవారుజామున, సుమారు ఒక టన్ను బరువుండే అలంకృత వాహనాలను భుజాలమీద ఎత్తుకొని మగవారు అయిదు కిలోమీటర్లు పరుగెత్తుతారు. పరుగు 4 గంటల 59 నిమిషాలకు మొదలవుతుంది, ముందు వెళ్ళే బృందం కుషిదా ఆలయ ప్రాంగణంలో మంగళగీతం పాడేందుకు ఆ ఒక్క నిమిషం. పండుగ జరిగినన్నాళ్ళూ అందులో పాల్గొనేవారు దోసకాయ ముట్టరు, అడ్డంగా కోసిన ముక్క ఆ ఆలయ చిహ్నాన్ని పోలి ఉంటుందని. ఇలాంటి ఘనమైన దృశ్యాల కన్నా పిల్లలకు ఇంటి చుట్టూ జరిగే చిన్న సంగతులే ఎక్కువ మనసుకు పడతాయి. ఫుకువోకా నగరంలో చెత్తను రాత్రిపూట సేకరిస్తారు. నగరపాలక సంస్థ నిర్ణయించిన సంచుల్లో కాలే చెత్త, కాలనిది, సీసాలు అని వేరుచేసి చీకటిపడ్డాక వీధిలో పెట్టి రావటం ఇంటి పనుల్లో ఒకటి, ఆ సంచి మోసుకెళ్ళే వంతు వచ్చిన రోజున అతిథి హోదా పూర్తిగా తీరిపోయినట్టే.

వచ్చినవారిని ఇంటివారిగా కలుపుకోవటం పిల్లల కార్యక్రమాలకే పరిమితం కాదు. పొరుగున ఉన్న ఒయితా రాష్ట్రంలో అజిము అనే పల్లెప్రాంతపు రైతు కుటుంబాలు 1990ల మధ్య నుంచి పట్టణవాసులను, విద్యార్థి బృందాలను ఇళ్ళలో ఉంచుకొని పొలం పనుల్లో కలుపుకొంటున్నాయి. ఒకసారి ఉండి వెళ్ళినవారు దూరపు బంధువులనీ పదిసార్లు వచ్చినవారు అసలు బంధువులనీ అక్కడ ఒక లెక్క ఉంది. వచ్చిన ప్రతిసారీ ముద్ర వేసే కార్డు కూడా ఇస్తారు. బస డబ్బు ఇచ్చి పొందేదే అయినా బంధుత్వాన్ని ఇలా మెట్లుమెట్లుగా కట్టే పద్ధతి వ్యాపారానికీ చుట్టరికానికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

పంపే తల్లిదండ్రులు చేయవలసినది సామాను సర్దటం కన్నా ఫోను విషయంలో సంయమనం పాటించటం. మొదటి రెండు మూడు రాత్రులు బెంగ సహజం. ఆ సమయంలో గంటకోసారి వీడియోలో మాట్లాడితే పిల్ల శరీరం ఫుకువోకాలోనూ మనసు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉండిపోతుంది, ఆతిథ్య కుటుంబం ఎదురుగా కూర్చుని కూడా ఏమీ చేయలేకపోతుంది. బహుమతులు చిన్నవిగా, తేలికగా ఉంటే మంచిది. ఏటికొప్పాక లక్కబొమ్మలు గాని కొండపల్లి బొమ్మలు గాని ఇచ్చినప్పుడు వాటిని ఏ చెట్టు కొయ్యతో చేస్తారో పిల్లకు తెలిసి ఉండాలి, ఎందుకంటే అడుగుతారు. మాంసంతో చేసిన పదార్థాలకూ తాజా పండ్లకూ తగిన ధ్రువపత్రం లేనిదే విమానాశ్రయపు తనిఖీలో అనుమతి దొరకదు. జూలైలో మామిడిపండ్లు పంపాలన్న కోరిక మానుకోవలసిందే.

ఈ రాకపోకలు ఒకవైపే కావు. ఫుకువోకా పిల్లలు కూడా ఆసియా, పసిఫిక్ దేశాల్లోని ఇళ్ళకు వెళ్తారు. ఒకప్పుడు బాల రాయబారులుగా వచ్చి వెళ్ళినవారు పలు దేశాల్లో ‘బ్రిడ్జ్ క్లబ్’ పేరుతో ఏర్పరచుకొన్న సంఘాలు పిల్లలను పంపటంలోనూ రప్పించటంలోనూ చెయ్యి వేస్తాయి. అలా వచ్చిన జపాన్ పిల్లవాడు ఒక తెలుగు ఇంట్లో దిగితే మిరపకారం, మంచినీళ్ళు, దోమలు అన్నవి ముందే ఊహించగల ఇబ్బందులు, వాటికి ఏర్పాట్లు చేయవచ్చు. తిన్న కంచం తానే తీసుకెళ్ళి కడగటానికి అతడు లేచినప్పుడు అమ్మమ్మ దాన్ని చేతిలోంచి లాక్కోకుండా చూడటమే ఆ ఇంటివారికి కష్టమవుతుంది.