సంవత్సరం కింద చూడండి, నాణేన్ని మాత్రం తోమకండి

ఇంట్లో ఉన్న చిల్లరంతా బల్ల మీద పోసి, ఒక్కో నాణెం మీద ముద్రించిన సంవత్సరం కింద చూడండి. కొన్నింటికి అక్కడ చిన్న గుండ్రటి చుక్క ఉంటుంది. కొన్నింటికి నక్షత్రం, కొన్నింటికి వజ్రం ఆకారం ఉంటాయి. కొన్నింటికి ఏమీ ఉండదు. చుక్క ఉన్నది నోయిడాలో తయారైంది. అయిదు మొనల నక్షత్రం మన హైదరాబాద్‌ది. వజ్రం ముంబైది. ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. అంటే ఒకే ఏడాది, ఒకే విలువ, ఒకే బొమ్మ ఉన్న రూపాయి బిళ్లలు కూడా నాలుగు రకాలుగా దొరకొచ్చు. నాణేల సేకరణ ఇక్కడే మొదలవుతుంది. దీనికి కావలసింది మంచి వెలుతురు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, కాస్త ఓపిక.

టంకశాలలన్నీ ఏటా సమానంగా నాణేలు కొట్టవు. ఒక ఏడాది ఒకచోట కోట్లలో తయారైన బిళ్ల, అదే ఏడాది మరోచోట చాలా తక్కువగా తయారై ఉండొచ్చు. సేకర్తలు వెతికేది ఆ తక్కువ వచ్చినవాటినే. హైదరాబాద్ గుర్తు ఎప్పుడూ నక్షత్రమే కాదని గుర్తుంచుకోవాలి. పాత నాణేల మీద నిలువునా చీలిన వజ్రం, నడుమ చుక్క ఉన్న వజ్రం కూడా కనిపిస్తాయి. బాగా అరిగిన బిళ్ల మీద ఆ చుక్క మాసిపోతే అది ముంబై వజ్రంలాగే ఉంటుంది. భూతద్దం కావాలన్నది అందుకే.

విదేశాల గుర్తులు కూడా మన చిల్లరలో ఉన్నాయి. చిల్లర కొరత తీర్చడానికి 1985లో ఒకసారి, 1990ల చివర్లో మళ్లీ, ప్రభుత్వం మన నాణేలను బయటి దేశాల్లో కొట్టించింది. 1985 నాటి రూపాయి మీద ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల నుంచి వచ్చింది. తర్వాతి విడతలో స్లొవేకియాలోని క్రెమ్నికా ‘ఎంకే’ అని, మాస్కో ‘ఎంఎండీ’ అని తమ గుర్తులు వేశాయి. మూడు సింహాల బొమ్మ ఉన్న బిళ్ల మీద మాస్కో గుర్తు చూసి నకిలీదేమో అనుకునేవాళ్లున్నారు. అది నూటికి నూరుపాళ్లూ అసలు నాణెమే.

హైదరాబాద్ గుర్తు వెనక పెద్ద చరిత్ర ఉంది. సైఫాబాద్ టంకశాల 1903లో నిజాం కాలంలో మొదలైంది. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయలు అక్కడే తయారయ్యాయి. 1997లో పని చర్లపల్లికి మారింది. సైఫాబాద్ భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. పిల్లలకు నాణేల మీద ఆసక్తి కలిగితే ముందుగా తీసుకెళ్లాల్సిన చోటు అదేనని నా అభిప్రాయం.

ఇక ‘అరుదైనది’ అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. టంకశాల గుర్తులోనో, అంకెల పరిమాణంలోనో, బొమ్మ చెక్కిన తీరులోనో చిన్న తేడాతో ఒక విడతంతా వస్తే అది వేరే రకం. యంత్రం దగ్గర ఏదో తప్పు జరిగి ఒక్క బిళ్ల వికృతంగా వస్తే అది పొరపాటు నాణెం. ఒక సందర్భాన్ని గుర్తుచేస్తూ కొట్టింది స్మారక నాణెం. ఈ మూడూ వేరు, వీటి విలువ లెక్కగట్టే పద్ధతులూ వేరు. కామరాజ్, అన్నాదురై, మదర్ థెరెసా, రిజర్వ్ బ్యాంకు 75 ఏళ్ల నాణేలు చిల్లరలో కనిపిస్తూనే ఉంటాయి. చూడడానికి అందంగా ఉంటాయి, దాచుకోదగ్గవే. అయితే వాడి అరిగిన బిళ్లకు ముఖవిలువకు మించి ఇచ్చేవాళ్లు అరుదు.

కొత్త రకం ఎలా పుడుతుందో చెప్పడానికి 1911 నాటి రూపాయిని మించిన ఉదాహరణ లేదు. అయిదో జార్జి చక్రవర్తి బొమ్మలో ఆయన వేసుకున్న బిరుదు గొలుసు మీద ఒక ఏనుగు ఉంటుంది. చెక్కినప్పుడు దాని తొండం మరీ పొట్టిగా వచ్చింది. జనం కళ్లకు అది పందిలా కనిపించింది. హిందువులూ ముస్లింలూ ఆ బిళ్ల పట్టుకోవడానికే ఇష్టపడలేదు. ప్రభుత్వం వాటి విడుదల ఆపి, మిగిలినవాటిని కరిగించి, తొండం సరిదిద్దిన రూపాయలను 1912 నుంచి తెచ్చింది. సేకర్తలు ఈనాటికీ దాన్ని ‘పంది రూపాయి’ అనే పిలుస్తారు. వేలెడు కూడా లేని బొమ్మలో గీతంత తేడా అది. దాన్ని పట్టుకున్నది నిపుణులు కారు, రోజూ డబ్బు లెక్కపెట్టుకునే మామూలు జనం.

పొరపాటు నాణేల దగ్గర మోసపోవడం చాలా తేలిక. టంకశాలలో జరిగిన తప్పుకు, బయటికొచ్చాక తగిలిన దెబ్బకు తేడా తెలియాలి. రైలు పట్టాల మీద పెట్టింది, సుత్తితో కొట్టింది, యాసిడ్‌లో నానబెట్టింది పొరపాటు నాణెం కాదు. అది పాడైపోయిన నాణెం, అంతే.

తేడా పట్టుకోవాలంటే నాణెం పుట్టే క్రమం తెలియాలి. లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. వాటి అంచు నొక్కి కాస్త పైకి లేపుతారు. తర్వాత ఒక ఉక్కు కట్టులో కూర్చోబెట్టి, పైనా కిందా డైలతో ఒక్కసారి అదుముతారు. డై అంటే బొమ్మ తిరగేసి చెక్కిన ఉక్కు అచ్చు. ప్రతి దశలోనూ జరిగే తప్పుకు దానిదే అయిన ఆనవాలు ఉంటుంది. కోసేటప్పుడు పక్క రంధ్రం మీదికి కోత జరిగితే బిళ్లకు ఒకవైపు నెలవంక ఆకారంలో లోహం తగ్గుతుంది. అలాంటి బిళ్ల అంచు నొక్కేటప్పుడు, తగ్గినచోట ఎదురు ఒత్తిడి ఉండదు. కాబట్టి సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా పేలవంగా వస్తుంది. ఎవరైనా ఇంట్లో ఆకురాయితో అరగదీసి ‘కోత పడిన నాణెం’ అని చూపిస్తే, ఎదురు అంచు నిండుగా ఉంటుంది. మోసం అక్కడే బయటపడుతుంది.

అచ్చుకు పగులు వస్తే, కొట్టినప్పుడు లోహం ఆ పగుల్లోకి పోతుంది. అందుకని నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. గీత లోపలికి దిగి ఉంటే అది గీరుడు. గోటితో మెల్లగా అంచు దగ్గర తాకినా తెలుస్తుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్లకు ఒకవైపు బొమ్మ మామూలుగా, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి వస్తుంది. అచ్చు పక్కకు తిరిగిపోయిందో లేదో చూడడం ఇంకా సులువు. సింహాలు నిటారుగా ఉండేలా నాణెం పట్టుకుని పక్కకు తిప్పండి. రెండోవైపు కూడా నిటారుగానే ఉండాలి. వంకరగా ఉంటే, అదీ బాగా వంకరగా ఉంటే, పక్కన పెట్టండి.

లోహం సంగతి కూడా ఒక ఆధారం. 2004 వరకు వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ల రాగి, నికెల్ కలిసిన లోహంతో చేసింది, 6 గ్రాములు ఉంటుంది. అయస్కాంతానికి అంటదు. 2005 నుంచి రెండు రూపాయలు ఉక్కుతో వస్తున్నాయి, అవి అంటుకుంటాయి. ఒక అయస్కాంతం, నగలు తూచే చిన్న తక్కెడ ఉంటే, తప్పు లోహం మీద కొట్టిన నాణెం మీ చేతికొచ్చినప్పుడు జారిపోదు.

సామాజిక మాధ్యమాల్లో తిరిగే ప్రచారం గురించి సూటిగా చెప్పాలి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలిస్తారన్నది అబద్ధం. అవి మామూలుగా దొరికే స్మారక నాణేలు. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేలు కొంటామని చెప్పి, ముందుగా రుసుమో కమీషనో పన్నో కట్టమనేవాళ్లున్నారు. అలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి. అమ్మేవాణ్ణి ముందు డబ్బు కట్టమన్నాడంటే ఫోను పెట్టేయండి. మరో పుకారు కూడా మన దగ్గర బలంగా నాటుకుంది. పది రూపాయల బిళ్ల చెల్లదని తెలుగు రాష్ట్రాల్లో చాలా దుకాణాలు వెనక్కి ఇస్తున్నాయి. అప్పటికి వచ్చిన పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మంచి నాణెం దొరికిన మరుక్షణం మన చెయ్యి చింతపండు వైపు వెళుతుంది. పండగకు ముందు ఇత్తడి బిందెలు, రాగి చెంబులు తళతళలాడేలా తోమే ఇళ్లలో పెరిగినవాళ్లం. మురికిని చూసి ఊరుకోవడం మనకు చేతకాదు. బిందెకు అది మంచిదే. నాణేనికి మాత్రం ఎంత నష్టమో వివరంగా చూడాలి.

అచ్చు అదిమినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారకం కంటికి కనిపించనంత సన్నని గీతలుగా నాణెం మీద నిలిచిపోతుంది. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే ఒక వెలుగు రేఖ గుండ్రంగా తిరుగుతుంది చూశారా, అది ఆ గీతల వల్లే. అది టంకశాల ఇచ్చిన మెరుపు. దాన్ని మళ్లీ ఎవరూ పుట్టించలేరు. పీతాంబరి పొడితో, టూత్‌పేస్టుతో, బూడిదతో రుద్దితే ఆ గీతలు చెరిగి వాటి స్థానంలో అడ్డదిడ్డం గీరుళ్లు పడతాయి. మెత్తటి గుడ్డతో తుడిచినా జరిగేది కొంతవరకు అదే. చింతపండు, నిమ్మకాయ, కూల్‌డ్రింకు వేరే రకంగా చెరుపు చేస్తాయి. వాటిలోని ఆమ్లం పైపొరతో పాటు కాస్త లోహాన్నీ కరిగిస్తుంది. రాగి నాణెం గులాబి రంగుకు తిరిగి, కొన్నాళ్లకు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. పాత అల్యూమినియం పైసలనైతే ఆమ్లమే కాదు, బట్టల సోడా కూడా తినేస్తుంది.

పాత రాగి మీది ముదురు గోధుమ పొరను, వెండి మీది నల్లని ఛాయను చూసే నాణెం సహజంగా వయసు మళ్లిందని అనుభవమున్నవాళ్లు నమ్ముతారు. తోమిన హాలీ సిక్కాను చేతిలోకి తీసుకోగానే వాళ్లకు తెలిసిపోతుంది, ధర పడిపోతుంది. మన అమ్మమ్మల పెట్టెల్లోంచి బయటపడిన వెండి రూపాయలు ఎన్నో ఇలా మెరిసి విలువ పోగొట్టుకున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మరి మురికి నాణేన్ని ఏం చెయ్యాలి? పొడి మట్టి, లక్ష్మీపూజలో పెట్టినప్పుడు అంటిన పసుపు, కుంకుమ ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. బ్యాటరీలకు వాడే ఆ నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, నాణేన్ని అంచులు పట్టుకుని తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టి పైనుంచి అద్దండి. రుద్దకండి. చేతి జిడ్డు, చెమట, జిగురు అంటితే స్వచ్ఛమైన అసిటోన్ పనిచేస్తుంది. అది లోహాన్ని తాకదు, జిడ్డునే కరిగిస్తుంది. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా, పిల్లలకు అందకుండా వాడాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం దానికి బదులు కాదు. అందులో రంగులు, సువాసనలు, నూనెలు ఉంటాయి.

అంతకు మించి ఇంట్లో చేయగలిగింది లేదు. రాగి మీద గట్టిగా, పలచగా అంటుకున్న ఆకుపచ్చ కిలుమును వదిలేయండి. పొడిపొడిగా రాలుతూ, రోజురోజుకూ పెరిగే లేత ఆకుపచ్చ బూజు లాంటిది కనిపిస్తే అది వేరే జబ్బు. ఉప్పులోని క్లోరైడ్ వల్ల వస్తుంది, లోహాన్ని గుంటలు పెట్టి తింటుంది. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. గోదావరి వంతెన మీద రైల్లోంచి వేసి, ఏళ్ల తరబడి ఇసుకలో ఒరుసుకున్న నాణేలను ఏ ద్రవమూ బాగుచెయ్యలేదు.

పొలంలోనో పునాదిలోనో పాత నాణేల కుండ దొరికితే అసలు తాకకపోవడమే మేలు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన నిధి సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. కోటిలింగాలలో దొరికిన నాణేల మీద శాతవాహన రాజు శ్రీముఖుడి పేరు చదివి శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు మన చరిత్రను ముందుకు జరిపారు. తొందరపడి ఎవరో గీకేసి ఉంటే ఆ అక్షరాలు మిగిలేవి కావు.

దాచే పద్ధతి చిన్న మాటల్లో చెప్పేస్తాను. మెత్తగా, ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ ఆల్బమ్‌లు కొనకండి. కొన్నేళ్లకు అవి నాణేల మీద ఆకుపచ్చ జిగురు వదులుతాయి. గట్టి మైలార్ కిటికీ ఉన్న అట్టముక్కలు చవకగా దొరుకుతాయి. డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వెయ్యండి. అట్ట మీద సంవత్సరం, టంకశాల గుర్తు, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాయండి. ధర తెలుసుకోవాలంటే నాణేల ప్రదర్శనల్లో ఇద్దరు ముగ్గురు వర్తకులకు చూపించండి. వేలంపాటల్లో అలాంటి నాణెం నిజంగా ఎంతకు అమ్ముడైందో అడగండి. అమ్మకానికి పెట్టినవాళ్లు చెప్పే ధరను లెక్కలోకి తీసుకోకండి.